ఐదంకెల సంతకం

గురువారమొస్తే కాస్కి ఊరి లైబ్రరీకి ఊపిరి సలపదు. పుస్తకాల కోసమనుకునేరు! ఊరంతా గాలించినా పుస్తకం ముట్టుకునేవాళ్ళు నలుగురైదుగురుంటే గొప్ప. గురువారం పూట వోరు పట్నం నుంచి సరుకుల వ్యాను వచ్చి లైబ్రరీ ముందు ఆగుతుంది. రొట్టె, పాలు, ఉప్పుచేప కొనుక్కోవడానికి ముసలీ ముతకా అంతా దిగుతారు. ఎలాగూ వచ్చాం కదా అని బూట్ల మంచు గుమ్మంలో దులిపి, లోపలికొచ్చి, లైబ్రరీ చూసుకునే కైరె బల్ల మీద తమ తమ గుర్తింపు కార్డులు పడేస్తారు. "కైరె, నా మందుల సంగతి చూడు." "కైరె, ఆ పొలం సబ్సిడీ కాగితం పంపించెయ్యి." "కరెంటు వాళ్ళకేదో సంతకం కావాలంటమ్మా, పెట్టి పారెయ్."

సంతకమంటే ఎస్టోనియాలో పెన్ను పట్టుకోవడం ఎప్పుడో పోయింది. కార్డుని కంప్యూటరు రీడర్లో దూర్చాలి. చిన్న నంబరు కొడితే తెర మీద సర్కారు ఆఫీసుల తలుపు తెరుచుకుంటుంది, ఐదంకెల పెద్ద నంబరు కొడితే సంతకం పడుతుంది. అలా పడిన సంతకం చట్టం ప్రకారం చేత్తో పెట్టిన సంతకంతో సమానం, కోర్టులో కూడా ఢోకా లేదు. ఆ నంబరు కన్నబిడ్డకైనా చెప్పకూడదని కూడా అదే చట్టం చెప్పింది. మొదటి ముక్క మా వాళ్ళకి బాగానే వంటబట్టింది. రెండో ముక్క మాత్రం ఎవరూ చెవికెక్కించుకోలేదు. కొత్త కార్డుతో పాటు వచ్చే నంబర్ల కవరుని తిన్నగా తెచ్చి కైరె చేతిలో పెట్టేవాళ్ళు. "నువ్వే ఉంచవే తల్లీ, నేనైతే పొయ్యిలో వేసేస్తాను" అనేవాళ్ళు. కైరె కాదనలేకపోయేది. ఎవరికి ఏ నంబరో గుర్తుపెట్టుకోలేక, ఒకరోజు విసుగొచ్చి, అలా తన నెత్తిన పెట్టినవాళ్ళందరి సంతకం నంబర్లూ మార్చి ఒకటే నంబరు పెట్టేసింది. పట్నంలో ఎవరికైనా ఈ మాట చెబితే ముక్కున వేలేసుకుంటారు. కాస్కిలో అది సాయం కింద లెక్క.

కైరెకి యాభై దాటాయి. చదువవగానే వచ్చి ఆ కుర్చీలో కూచుంది, ఇప్పటిదాకా లేవలేదు. మొగుడు ఫిన్లండుకి ఇళ్ళు కట్టే పనికెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఉన్నదల్లా ఈ ఉద్యోగం, లైబ్రరీ వెనకాల రెండు గదులు. ఆ లైబ్రరీనైనా మూసెయ్యాలని మండలాఫీసు వాళ్ళు ఏటా అంటూనే ఉన్నారు. ఊళ్ళో పిల్లల్లేరు, చదివేవాళ్ళు లేరు, దేనికింత ఖర్చని వాళ్ళ గోల. ఏటా ఊరివాళ్ళంతా అర్జీ పెట్టుకుంటారు. ఆ అర్జీ మీద సంతకాలు కూడా కైరే నొక్కేది, అదొక విడ్డూరం.

జనవరిలో ఒక గురువారం వైకె వచ్చింది. వైకె పిన్ని అంటారు ఊళ్ళో అందరూ. ఎనభైకి దగ్గర పడిన మనిషి, చెవి సరిగ్గా వినపడదు గానీ నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆవిడకి ఊరి చివర రోడ్డు వారన కాస్త అడవి ఉంది. రోడ్డు మీదికి పైన్ చెట్లు, లోపలికి స్ప్రూస్ చెట్లు. స్ప్రూస్ చెట్లకి పురుగు పట్టి ఎర్రబడిపోతుంటే, అవి నరికించి అమ్మేసి ఇంటి పొగగొట్టం బాగుచేయించుకుందామని ఆవిడ ఆలోచన.

"రైవో కాగితం పంపాడట, ఆ పురుగు పట్టిన చెట్ల సంగతి. చూసి సంతకం పెట్టెయ్యి" అంది కార్డు బల్ల మీద పెడుతూ. "నే పోతున్నాను. ఆలస్యమైతే ఆ వ్యానువాడు మెత్తటి రొట్టెలన్నీ అమ్మేసి నాకు ఇటుకలు మిగుల్చుతాడు."

"ఉండు పిన్నీ, చదివి చెప్తాను."

"చదివేదేముందే? నా చెట్లు నాకు తెలీవా?"

వెళ్ళిపోయింది. బల్ల ముందు ఇంకా చాలామంది ఉన్నారు. కైరె కాగితం తెరిచింది. మొదటి పేజీలో వైకె పేరుంది, ధర ఉంది, కలప కంపెనీ పేరుంది. కింద ఇంకో ఫైలు జోడించి ఉంది, పటం. అది తెరవలేదు. అంతలో ఫోను మోగింది. రైవో. కైరెతో ఒకే బడిలో చదివినవాడు, ఇప్పుడా కలప కంపెనీకి అడవులు కొనిపెట్టే మనిషి.

"పిన్ని కాగితం చదివిందా కైరె? చదవందే పెట్టొద్దని చెప్పు."

"ఆఁ, చదివాం" అంది కైరె. ఎదురుగా ఎవరో దగ్గుతున్నారు, ఇంకెవరో తొందర పెడుతున్నారు. ఆ మాటంటూనే ఐదంకెలూ నొక్కేసింది. కిటికీలోంచి చూస్తే వైకె వ్యాను దగ్గర నిలబడి, రొట్టెల్ని ఒక్కొక్కటే నొక్కి చూస్తూ వ్యానువాడితో పోట్లాడుతోంది.

ఫిబ్రవరి మధ్యలో, శుక్రవారం పొద్దున, ఊనో వచ్చాడు. రోజూ లైబ్రరీకొచ్చి పేపరు ముందేసుకుని, అందులో ఉన్న మంత్రులందర్నీ తిట్టి పోయే ముసలాయన. ఆ రోజు పేపరు వైపు చూడలేదు. టోపీ తియ్యకుండా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏమ్మాయ్, మీ పిన్ని పైన్ చెట్లు కూడా అమ్మేసిందా?"

"లేదే. స్ప్రూస్ చెట్లే. ఏం బాబాయ్?"

"అయితే నా కళ్ళు పోయినట్టే. రోడ్డు వారనంతా ఎర్ర రిబ్బన్లు కట్టిపోయారు. తర్మో చెట్టుతో సహా."

కైరె వెంటనే కంప్యూటరు తెరిచి, ఆ రోజు తెరవని పటం ఇప్పుడు తెరిచింది. వైకె అడవి మొత్తం, లోపలి ముక్కా రోడ్డు ముక్కా, రెంటి చుట్టూ ఒకటే గీత గీసి ఉంది.

తర్మో చెట్టు సంగతి చెప్పాలి. మా వోరు వైపు శవాన్ని శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు దారిలో ఆగి, ఒక పైన్ చెట్టు బెరడు మీద శిలువ చెక్కుతారు. చచ్చిపోయినవాడు ఇంటి మీద బెంగతో వెనక్కి బయల్దేరితే, ఆ శిలువ చూసి అక్కడే ఆగి నెమ్మదిస్తాడని. ఆ చెట్టు బతికున్నన్నాళ్ళూ దాని మీద గొడ్డలి పడదు. తర్మో వైకెకి ఒక్కగానొక్క కొడుకు. నార్వే వాళ్ళ చేపల ఓడలో పనికెళ్ళి, ఇరవై మూడేళ్ళ వయసులో సముద్రం పాలయ్యాడు. శవం దొరకలేదు. శవపేటిక లేదు, ఊరేగింపు లేదు, సమాధి రాయి కూడా పెట్టనివ్వలేదు వైకె. పెట్టడానికి అక్కడ ఎవరున్నారని అడిగింది. అప్పుడు ఊనో, వాడి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు కాబట్టి, చేతికత్తి తీసుకుని వెళ్ళి, వైకె అడవి మొదట్లో రోడ్డు మలుపు దగ్గరున్న పైన్ మీద శిలువ చెక్కాడు. "సముద్రం నుంచి బయల్దేరితే ఇంతదాకా అయినా వస్తాడు" అంది వైకె ఆ రోజు. అప్పట్నుంచీ ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆగి, వాడితో ఊళ్ళో కబుర్లు చెప్పి వస్తుంది. తర్మోకి ఈ భూమ్మీద ఉన్న గుర్తు అదొక్కటే.

ఆ రోజుల్లో ఊరంతటికీ ఫోనంటే లైబ్రరీలో ఉన్న నల్ల ఫోనే. తర్మో ఓడ రేవుకి చేరినప్పుడల్లా దానికే చేసేవాడు. కైరె అప్పుడు కొత్తగా చేరిన పిల్ల. "ఉండు, లైను పెట్టెయ్యకు!" అని రిసీవరు బల్ల మీద పడేసి, కోటైనా వేసుకోకుండా వైకె ఇంటికి పరిగెత్తేది. ఓడ కంపెనీ వాళ్ళ చివరి కబురు కూడా ఆ ఫోనుకే వచ్చింది. ఆ రోజు మాత్రం కైరె పరిగెత్తలేదు, నడుచుకుంటూ వెళ్ళింది.

ఊనో వెళ్ళగానే రైవోకి ఫోను చేసింది.

"రైవో, పొరపాటైంది. పిన్ని అమ్మింది స్ప్రూస్ ముక్కే. పైన్ చెట్లు వదిలెయ్యండి."

"ఏం పొరపాటు? పటం జోడించే పంపాం. చిన్న ముక్క కోసం చెట్లు కోసే అంత పెద్ద మిషను ఎవడు తోలుకొస్తాడు? రెండూ కలిపితేనే గిట్టుబాటని పిన్నికి నోటితో కూడా చెప్పాను. తలూపింది."

"ఆవిడ అన్నిటికీ తలూపుతుంది. చెవి వినపడదు కదా!"

"అది నాకెలా తెలుస్తుంది? చదివారా అని నిన్ను అడిగానా లేదా? చదివాం అన్నావా లేదా?"

కైరె ఆ మాట దాటేసింది. "పోనీ ఆ మలుపు దగ్గరి చెట్టొక్కటి వదిలెయ్. తర్మో చెట్టు. నీకూ తెలుసు కదా."

రైవో గొంతు కాస్త తగ్గింది. "తెలుసు. తెలిసే చెప్తున్నాను. లారీ తిరగాల్సింది ఆ మలుపులోనే. చుట్టూ ఉన్నవన్నీ తీసేశాక ఒంటరి పైన్ నిలబడదు కైరె, మొదటి గాలికే రోడ్డు మీద పడుతుంది. ఎవడి కారు మీదో పడితే పూచీ ఎవడిది? సోమవారం పొద్దున్నే మిషనొస్తోంది. అయినా పిన్ని సంతకం పెట్టింది. పెట్టలేదంటావా? అనదల్చుకుంటే అను, మరెవరు పెట్టారో తేలుద్దాం."

కైరె ఫోను పెట్టేసింది.

జనానికి ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఒకావిడ వోరులో ఉంది. ఆవిడకి చేసి, తెలిసినవాళ్ళ విషయమని చెప్పి అడిగింది. ఆవిడ అంతా విని, గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"వేలు ఎవరిదని ముందుగా ఎవరూ అడగరండీ. కార్డు ఎవరిదో, నంబరు ఎవరిదో, సంతకం వాళ్ళదే. కాదన్నవాళ్ళే కాదని రుజువు చేసుకోవాలి. యజమాని పక్కన లేనప్పుడు, ఆవిడ ఒప్పుకోని దానికి ఇంకొకరు నొక్కారని తేలితే ఆ కాంట్రాక్టు నిలవదు. కానీ అప్పుడు నొక్కినవాళ్ళ మీద పోలీసు కేసు. మీకు తెలిసినవాళ్ళు ప్రభుత్వోద్యోగా?"

"అలాంటిదే."

"అయితే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోమనండి."

శనివారం కైరె వైకె ఇంటికెళ్ళింది. వైకె బార్లీ రొట్టె కోసి, వెన్న రాసి, కాఫీ పోసింది. కైరె ముట్టుకోలేదు. ఉన్నదంతా గట్టిగా, చెవి దగ్గరగా చెప్పింది. పటం తెరవలేదనీ, చదివామని అబద్ధమాడాననీ, తర్మో చెట్టు కూడా పోతోందనీ. చెబుతుంటే తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

వైకె చాలాసేపు రొట్టె తుంపుతూ కూచుంది. తినలేదు. ముక్కలన్నీ కంచంలో పోగయ్యాయి.

"రిబ్బన్లు చూశాను. నీ దగ్గరికి రావాలనుకుంటూనే ఉన్నాను" అంది చివరికి. "నువ్వు నొక్కితేనేం, నేను నొక్కితేనేం. నంబరు నీ చేతికిచ్చింది నేనే కదా."

"అది కాదు పిన్నీ. నేను నొక్కానని చెబితే మిషను ఆగుతుంది."

"ఆగితే? మండలాఫీసు వాళ్ళకి కావాల్సింది ఒక సాకు. ఇది దొరికితే లైబ్రరీకి తాళం వేసి ఎగురుకుంటూ పోతారు. నువ్వెక్కడికి పోతావే? నీ మొగుడి దగ్గరికా?"

"నా సంగతి వదిలెయ్."

"ఎందుకొదలాలి? ఊళ్ళో సగంమందికి నువ్వు లేకపోతే మందులు రావు." వైకె లేచి కంచం తీసుకెళ్ళి పక్షులకి ముక్కలు పడేసి వచ్చింది. "తర్మో సంగతి తర్మో చూసుకుంటాడు. సముద్రంలో చచ్చినవాడికి చెట్టేంటి? ఇంక ఆ మాటెత్తకు."

గుమ్మం దాటి రోడ్డెక్కాక కైరెకి ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. పిన్నే ఒద్దంటోంది కదా, ఇంక తనేం చెయ్యగలదు, ఉద్యోగం ఉంటుంది, ఇల్లుంటుంది. ఆ సంతోషం నాలుగడుగులు కూడా నిలవలేదు. మలుపు దగ్గరికి రాగానే చూసింది, తర్మో చెట్టుకి కట్టిన రిబ్బను కింద చిన్న గిన్నెలో పంచదార బిళ్ళలు. వాడు చిన్నప్పుడు తినేవి. మంచులో అప్పటికింకా కొత్త అడుగులున్నాయి, చిన్న చిన్న అడుగులు, కర్ర గుర్తుతో సహా. చెట్టు మాటెత్తొద్దన్న మనిషి ఆ పొద్దునే వచ్చి వెళ్ళింది. సంతోషపడ్డందుకు కైరెకి తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

ఆదివారమంతా కూచుని రాసింది. రాసిందంతా కలిపితే అరపేజీ లేదు. 'వైకె గారు లైబ్రరీలో లేని సమయంలో, ఆవిడ కార్డుతో, కాంట్రాక్టు పూర్తిగా చదవకుండా, సంతకం నంబరు నేను నొక్కాను. పైన్ చెట్లు అమ్మడం ఆవిడ ఉద్దేశం కాదు.' సోమవారం తెల్లవారగానే ఇంకోసారి చదివి, తన కార్డు రీడర్లో పెట్టింది. ఊళ్ళో వాళ్ళందరి కోసం ఆలోచించకుండా నొక్కిన చెయ్యి, తన కోసం నొక్కడానికి మొరాయించింది. చివరికి నొక్కి, కంపెనీకి, పోలీసులకి, మండలాఫీసుకి పంపి, కోటు వేసుకుని మలుపు దగ్గరికి నడిచింది.

మిషను అప్పటికే వచ్చేసింది. లారీ మీద కూచుని ఉంది, ఇంజను రొద పెడుతోంది. ఊనో తర్మో చెట్టుకి వీపు ఆనించి, చేతికర్ర అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన వైకె, నెత్తి మీదుగా ఊలు శాలువా కప్పుకుని. రైవో జీపు దగ్గర ఫోనులో ఏదో చదువుతున్నాడు.

"ఏంటి కైరె ఇది? పొద్దున్నే కాఫీ కూడా తాగనివ్వవా?" అన్నాడు తలెత్తి. "దీని కింద నీ సంతకముంది."

"ఉంది."

"ఇదైనా నువ్వే నొక్కావా, లేక ఇదీ ఎవరైనా నొక్కిపెట్టారా?"

"నేనే నొక్కాను. చదివి నొక్కాను."

రైవో వైకె వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "పిన్నీ! ఆ కాంట్రాక్టు మీద సంతకం మీరు పెట్టలేదంటోంది కైరె. తనే పెట్టిందట. నిజమేనా?"

"అబద్ధం!" అంది వైకె. ఎంత గట్టిగా అందంటే ఊనో ఉలిక్కిపడ్డాడు. "ఈ పిల్లకి మతి పోయింది. నా కార్డు, నా నంబరు, నా వేలు. నేనే నొక్కాను."

"పిన్నీ!" అంది కైరె.

"నువ్వు నోర్ముయ్."

రైవో టోపీ వెనక్కి తోసి తల గోక్కున్నాడు. "బాగుంది. ఈవిడ సంతకం చెల్లుతుంది, ఆవిడ సంతకమూ చెల్లుతుంది. రెండూ ఒకటే విలువ. మధ్యలో నేను గాడిదని. ఇప్పుడు కోసేసి రేపు పోలీసులు ఇంకోటి తేలిస్తే కంపెనీ నా తోలు ఒలుస్తుంది." జీపులోంచి ల్యాప్‌టాప్ తీసి బానెట్ మీద పెట్టాడు. రీడరు తగిలించాడు. ఒక్క వాక్యం కొట్టి పైకి చదివాడు. 'ఆ కాంట్రాక్టు మీద సంతకం నేను స్వయంగా, నా చేత్తో చేశాను.' "మీరే నొక్కి ఉంటే దీనికీ నొక్కండి పిన్నీ. అంతే. నొక్కగానే మిషను దింపుతాను. మీకు తెలియనిదేం కాదుగా, ఐదంకెలు."

వైకె పర్సు తెరిచి కార్డు తీసింది. దాన్ని ఎటు దూర్చాలో వెతుక్కుంటుంటే రైవోనే తీసుకుని రీడర్లో దూర్చాడు. అప్పుడు దూరంగా జరిగి, తెర కనపడకుండా మర్యాదగా మొహం తిప్పుకున్నాడు.

కైరె వైకె పక్కనే నిలబడింది. వైకెకి ఆ నంబరు తెలియదని కైరెకి తెలుసు. ఎప్పుడూ అడగలేదు, ఎప్పుడూ నొక్కలేదు. అది మరేదో కాదు, లైబ్రరీ పాత ఫోను నంబరు. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ నోటికొచ్చిన నంబరు కదా, ఎప్పుడైనా చెప్పాల్సొస్తే తేలికని కైరె పెట్టింది. ఇప్పుడు వైకె చెవిలో ఒక్క ముక్క వేస్తే చాలు. ఉద్యోగం దక్కుతుంది, కేసు పోతుంది, తను రాసింది మతిచలించిన రాత అయిపోతుంది. వెనకాల ఈ చెట్టు పడుతుంది.

వైకె ఒక్కొక్క మీటా వెతుక్కుని ఐదు నొక్కింది. తర్మో పుట్టిన రోజు, నెల, చివర ఏదో ఒకటి. తెర మీద ఎర్రగా అక్షరాలొచ్చాయి.

"తప్పంటోంది" అంది వైకె. "చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. దీనికేం తెలుసు."

"ఇంకో రెండుసార్లే పిన్నీ" అన్నాడు రైవో మొహం తిప్పుకునే. "మూడోసారి తప్పితే కార్డు బిగుసుకుపోతుంది."

మళ్ళీ నొక్కింది. వాడు పోయిన రోజు. మళ్ళీ ఎరుపు. శాలువా జారిపోతే సర్దుకోలేదు.

ఊనో తట్టుకోలేకపోయాడు. "ఒసేయ్ వైకె, అది కాదే! నాది కూడా అదేగా, మన లైబ్ర..."

కైరె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బాబాయ్!"

గట్టిగా అరవలేదు. కానీ ఆ గొంతులో ఏం వినిపించిందో, ఊనో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. కైరె మొహంలోకి చూశాడు, తన వెనకాల చెట్టుని చూశాడు. తల దించేసుకున్నాడు.

వైకె తలెత్తి కైరెని చూసింది. నోటితో అడగలేదు, కళ్ళతో అడిగింది, చెప్పవే అని. ఆ రోజుల్లో తను కోటు లేకుండా పరిగెత్తుకొస్తే తన భుజాల మీద ఈ శాలువానే కప్పిన మనిషి. ఆ మనిషి తన కోసం కొడుకు గుర్తుని పణంగా పెట్టి అడుగుతోంది. కైరెకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా చూపు తిప్పుకోలేదు. లేదన్నట్టు తలాడించింది.

వైకె మూడోసారి నొక్కింది. ఏం నొక్కిందో ఆవిడకే తెలియదు. కార్డు బిగుసుకుపోయింది.

రైవో వచ్చి తెర చూసి, మూత మూసేశాడు. అప్పుడు లారీ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "దింపకు! వెనక్కి తోలు!" కార్డు తీసి వైకె చేతిలో పెట్టాడు. "మీరు నొక్కలేదు పిన్నీ. కోర్టు ఏదో ఒకటి తేల్చేదాకా ఇక్కడ పుల్ల కూడా కొయ్యం." కైరె పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "లెక్కల పరీక్షలో నాకంతా చూపించేదానివి. పెద్దయ్యాక పిసినారివైపోయావు." నవ్వబోయి మానేశాడు. "పోలీసులడిగితే చూసింది చూసినట్టు చెప్తాను. ఏమనుకోకు."

"చెప్పు" అంది కైరె.

జీపు కదలకముందే కోటు జేబులో ఫోను మోగింది. మండలాఫీసు. బుధవారంలోగా తాళాలు అప్పజెప్పమన్నారు, డ్రాయర్లలో ఏదీ ముట్టుకోవద్దన్నారు. కైరె సరేనంది.

"అయిందా నీకు?" వైకె విరుచుకుపడింది. "ఎవరు చెప్పమన్నారే నిన్ను? రేప్పొద్దున ఏం తింటావు? ఈ కార్డు చచ్చింది, నువ్వు పోయావు, నా మందులెవడు తెస్తాడు? నీ తాతా?" తిడుతూ తిడుతూనే కైరె మెడ దగ్గర తెరుచుకున్న కోటు గుండీ పెట్టింది. "ఇంతకీ ఏంటే ఆ నంబరు? ఇప్పుడైనా చెప్పి చావు."

ఇంక దాచి చేసేదేముంది. "మన లైబ్రరీ పాత ఫోను నంబరు పిన్నీ."

వైకె చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

"తర్మో ఫోను చేసే నంబరా?"

"ఆఁ. అదే."

వైకె తిరిగి చెట్టు దగ్గరికి నడిచింది. చేతి తొడుగు తీసేసి శిలువ మీద అరచెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళలో బెరడు అంచులు దగ్గరికొచ్చి, ఊనో కత్తి గీతలు లోపలికి మునిగిపోయి ఉన్నాయి.

"ఐదు, రెండు, ఏడు, ఒకటి, తొమ్మిది" అంది. ఎక్కడా తడబడలేదు. "ప్రతి ఉత్తరంలో రాసేదాన్ని. మర్చిపోకురా నాయనా, ఈ నంబరుకి చెయ్యి, కైరె పరిగెత్తుకొచ్చి చెబుతుంది అని." మొహం తిప్పకుండానే అంది, "ఈ నంబరు నా సంతకమని నాకు ముందే తెలిసుంటే, మొదటిసారే కొట్టేసేదాన్ని కదే."

కొట్టేసి ఉంటే ఈపాటికి ఏమయ్యేదో ఆ మాట బయటికొచ్చాక గానీ ఆవిడకి తట్టలేదు. తట్టగానే చెట్టుని రెండు చేతులా పట్టుకుని, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. కైరె, ఊనో అక్కడే నిలబడ్డారు. లారీ మిషనుతో సహా మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా ఎవరూ కదల్లేదు.